ఉప్పు కాలువ మీద మరచెంబు లేకుండా

పదహారేళ్లుగా తిరుపతిలో హైస్కూలు పిల్లలకు భూగోళం చెబుతున్నాను. తరగతి గోడకు వేలాడే మద్రాసు రాజధాని పటంలో తూర్పు తీరం పొడవునా సన్నగా ఒక నీలం గీత ఉంటుంది. అది బకింగ్‌హాం కాలువ. బెత్తం కొన పెట్టి ఆ గీతను ఎన్నిసార్లు చూపించానో నాకే తెలియదు గానీ, దాన్ని నా కంటితో చూసింది మాత్రం ఈ ఫాల్గుణంలోనే. మా వైపు వాళ్లు ఎవరైనా పడవ ప్రయాణం చేయాలని సరదాపడితే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రైళ్ల వేళలు, ఛార్జీలు, దిగాల్సిన చోట్లు అన్నీ చెబుతాను. అయితే మేము వెళ్లింది గాలి మార్పు కోసం కాదు. ఆ సంగతి ముందు చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

బడిలో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితులు ఇద్దరున్నారు, మునిరత్నం, చెంగల్రాయులు. చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో పక్కపక్క చేల రైతులు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచి ఒకరినొకరు మామా అనే పిలుచుకునేవాళ్లు. ఇద్దరి చేలకూ మధ్య ఒక కపిల బావి ఉంది. వాళ్ల నాయనలిద్దరూ కలిసి తవ్వించి, ఎద్దులు కట్టి నీళ్లు తోడుకున్న బావి అది. రాత్రంతా ఊరిన నీళ్లు పొద్దున కపిల తోలేవాడికి దొరుకుతాయి. మధ్యాహ్నం వంతు వాడికి అడుగున మిగిలిందే గతి. అందుకని ఆ పెద్దవాళ్లు వంతులు మార్చుకునేవాళ్లు, ఈ వారం ఒకరిది పొద్దుటి వంతైతే వచ్చే వారం రెండోవారిది. దీనికి కాగితం లేదు, మాట ఒక్కటే ఉండేది. ఇద్దరూ కాలం చేశారు. పోయిన ఏడాది వానలు ముఖం చాటేసి బావిలో నీళ్లు తగ్గేసరికి, పొద్దుటి వంతులో ఉన్న మునిరత్నం వారం తిరిగినా దాన్ని వదల్లేదు. మా నాయన ఎప్పుడూ పొద్దున్నే తోలేవాడు, అది మా హక్కు అన్నాడు. చెంగల్రాయులు చెరుకు నిలువునా ఎండిపోయింది. మాటా మాటా పెరిగి ఇద్దరూ చిత్తూరు కోర్టుకెక్కారు.

ఎక్కినవాళ్లు ఊరుకోలేదు. ఇద్దరూ నన్నే సాక్షిగా వేశారు. బడికి సెలవులిస్తే నేను ఆ బావి గట్టు మీదే పడి ఉండేవాణ్ణని ఇద్దరికీ తెలుసు. వారం వారం వంతు మారడం నేను కళ్లారా చూశాను. చూసింది చూసినట్టు చెబితే మునిరత్నం ఓడిపోతాడు, నాకు మునిరత్నం మిగలడు. చెప్పకపోతే చెంగల్రాయులు ముఖం చూడలేను, అద్దంలో నా ముఖమూ చూసుకోలేను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, నాకు ముందూ వెనుకా కూడా ఆ ఒక్క నుయ్యే. వాయిదా ఉగాది దాటిన సోమవారానికి పడింది.

ఎనిమిదో తరగతిలో ఉండగా ముగ్గురం ఎప్పటికైనా పడవ ఎక్కాలని ఒట్టు పెట్టుకున్నాం. అది అడ్డం పెట్టుకుని ఇద్దరికీ ఒకే మాదిరి కార్డు ముక్కలు రాశాను. వాయిదాకు ముందు మూడు రోజులు నాకివ్వండి, రెండోవాడు కూడా వస్తున్నాడు, ఆ తరువాత ఎవరి దారి వాళ్లది అని. ఇద్దరూ వస్తామన్నారు. నా మీద ప్రేమ కొంత ఉండవచ్చు గానీ, తాము రాకపోతే రెండోవాడు మూడు రోజులూ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాడని భయం ఎక్కువ. కార్డు చివర భూగోళం పంతులుగా ఒక సలహా కూడా ఇచ్చాను. మూడు రోజులు నీళ్ల మీదే ఉంటాం కాబట్టి బరువులు వద్దు, మరచెంబులు మోసుకురావద్దు అని. మా వైపు మనిషి పొరుగూరికి పోయినా మూత బిగించిన మరచెంబు చేతిలో లేకుండా కదలడు. నా మాట నమ్మి వాళ్లు మొదటిసారి వట్టి చేతులతో ఇల్లు కదిలారు. ఆ తప్పు పూర్తిగా నాది.

తిరుపతిలో గూడూరు బండి తెల్లవారి ఆరింటికి. మీటరుగేజి బండి కాబట్టి తొందరపడదు. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి మీద ఒక అణా. యుద్ధం అయిపోయినా బియ్యానికి ఇంకా కార్డులే కనుక, దారిలో తనిఖీల గొడవ లేకుండా రాగిపిండి, వేరుశనగలు, మిరపకాయలు, చింతపండు మూట కట్టుకున్నాం. మునిరత్నం ఈ కిటికీ దగ్గర, చెంగల్రాయులు ఆ కిటికీ దగ్గర కూర్చున్నారు. మధ్యలో నేను. ఇద్దరూ ఏది మాట్లాడినా నా ద్వారానే. కాళ్లు కాస్త ముడుచుకోమని ఆయప్పకు చెప్పు అని ఒకడంటాడు. ఆయప్పనే లేచి అటు కూర్చోమను అని రెండోవాడంటాడు. రేణిగుంట దాటేసరికి నేను తపాలా బంట్రోతునై పోయాను.

కాళహస్తి దగ్గర స్వర్ణముఖి కనిపిస్తుంది. ఈ నెలల్లో నది అంటే ఇసుకే. అద్దకం వాళ్లు ఇసుక మీద పొడుగాటి గుడ్డలు ఆరేసి ఉన్నారు. ఆడవాళ్లు చేతులతో చెలమలు తోడి బిందెలు నింపుకుంటున్నారు. ఇసుకలో మూరెడు లోతు గుంట చేస్తే అడుగున ఊరే నీళ్లే చెలమ, మా సీమలో నదులను అలాగే తాగుతాం. ఇద్దరూ తమ తమ కిటికీలు వదిలి ఒకే కిటికీలోంచి ఆ బిందెల వంక చూశారు. నాకు కాస్త ఆశ పుట్టింది. బండి కదలగానే మళ్లీ ఎవరి కిటికీకి వాళ్లు పోయారు.

గూడూరు చేరేసరికి పదిన్నర అయింది. అక్కడ పెద్ద బండికి మారాలి. మద్రాసు వైపు వెళ్లే బండి మాకు పన్నెండు దాటాక దొరికింది. స్టేషను బయట పూటకూళ్ల ఇంట్లో భోజనం ఎనిమిదణాలు, మజ్జిగ మళ్లీ మళ్లీ పోస్తారు. సూళ్లూరుపేటకు గంటన్నర ప్రయాణం, టిక్కెట్టు పదణాలు. దిగగానే స్టేషను పంపు దగ్గర కడుపునిండా నీళ్లు తాగండి. మేము తాగలేదు. నా పాత విద్యార్థి ఒకడు ఆ ఊళ్లో కట్టెల వ్యాపారం చేస్తున్నాడు. మద్రాసులో సరుగుడు కట్టెలు దించి ఖాళీగా ఉత్తరానికి తిరిగి పోతున్న పడవ ఒకటి అతనే కుదిర్చాడు. తిండితో సహా ముగ్గురికీ కలిపి తొమ్మిది రూపాయలు. స్టేషను నుంచి పులికాటు సరస్సు ఒడ్డుకు ఎద్దుల బండి పన్నెండణాలు అడుగుతుంది, పదికి వస్తుంది.

బండిలో గంట గడిచేసరికి గొంతులు ఎండాయి. బండివాడి దగ్గర చెంబు ఉంది గానీ, ఇంకెంత, కాలువే వస్తుందిగా అని నేనే వారించాను. ఒడ్డు నుంచి చిన్న పడవలో సరస్సు దాటాం. నీళ్లు మోకాటి లోతే. ఎర్ర రెక్కల పొడుగుకాళ్ల కొంగలు దూరంగా గుంపులు గుంపులుగా నిలబడి తలలు నీళ్లలో ముంచి మేస్తున్నాయి. ఇంకో నెల ఆగితే అవి ఉండవట. అయిదింటికి కాలువ మొగ దగ్గర ఆగి ఉన్న పెద్ద పడవ చేరాం. తాటాకు గూడు, మధ్యలో తెరచాప కొయ్య, వెనక చిన్న మట్టి పొయ్యి. పడవ యజమాని పోలయ్య, అతని భార్య కామాక్షమ్మ, గట్టున నడిచి తాడు లాగే అతని తమ్ముడు. పడవలో ఉండేది ఆ ముగ్గురే.

చెంగల్రాయులు పడవ ఎక్కకముందే గట్టు దిగి, రెండు దోసిళ్ల నిండా కాలువ నీళ్లు తీసుకుని గటగటా తాగబోయి, కక్కుకున్నంత పని చేశాడు. మునిరత్నం అది చూసి కూడా నమ్మక తానూ దోసిలి పట్టి ఉమ్మేశాడు. ఉప్పు. అచ్చమైన సముద్రపు ఉప్పు. ఇద్దరూ తలలు తిప్పి నా వంక చూశారు. ఆరునెలల్లో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది అప్పుడే, అదీ నా విషయంలో. మా పటంలో స్వర్ణముఖీ నీలమే, ఈ కాలువా నీలమే, నాకేం తెలుసు అని గొణిగాను.

పోలయ్య నవ్వలేదు. "యాడనుంచి వస్తుండారయ్యా?" అని మాత్రం అడిగాడు. తిరుపతి అని చెప్పాం. "కొండకింద నీళ్లు తియ్యంగుంటయ్యి. ఈ కాలవ సముద్రం బిడ్డ గదయ్యా, తల్లి ఉప్పు బిడ్డకి రాకుండా యాడికి పోద్ది?" అన్నాడు.

కామాక్షమ్మ గూట్లోంచి ఒక కొబ్బరి చిప్ప తెచ్చింది. పడవ మూలన తడిగుడ్డ చుట్టిన పెద్ద మట్టి కాగు ఉంది. పడవలో మంచినీళ్లు అవే. మేము చెంబులతో వస్తామనుకుని వాళ్లు తమ ముగ్గురికే మూడు రోజులకని నింపుకున్న నీళ్లు, ఇప్పుడు ఆరుగురం అయ్యాం. మూడో రోజు స్వర్ణముఖి చేరేదాకా మంచినీళ్లు దొరకవు. ఆమె విసుక్కోలేదు, మమ్మల్ని తిట్టలేదు. పూటకు మనిషికి ఒక చిప్ప అని లెక్క చెప్పి, పడవ పద్ధతి కూడా చెప్పింది. ప్రతి పూటా ఒకరు తోడతారు. తోడినవాళ్లు అందరికీ పోసి, ఆఖరున తాము తాగాలి. ఎందుకలా అని నేను అడిగాను, పంతుళ్లకు ప్రశ్న అడగకుండా ఉండడం చేతకాదు. "ముందు తాగినోడి చేతికి కొలత తెలీదయ్యా," అంది ఆమె. ఊళ్లో అయితే ఎవరి కుండ, ఎవరి చేయి అని ఆరా తీసే చెంగల్రాయులు ఆ సాయంత్రం ఆ చిప్ప అందుకుని కళ్లు మూసుకుని తాగాడు.

రెండో రోజు తెల్లవారే పడవ కదిలింది. ఈ రోజుల్లో దక్షిణపు గాలి ఉంటుంది కనుక ఉత్తరానికి వెళ్లే పడవలకు సుఖం. చాప ఎత్తితే పడవ తానే పోతుంది, గాలి తగ్గినప్పుడు తమ్ముడు గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగుతాడు. రెండు వైపులా సరుగుడు తోపులు, వాటి వెనక సముద్రం హోరు వినిపిస్తుంది గానీ కనిపించదు. అక్కడక్కడా ఉప్పు మళ్లు తెల్లగా మెరుస్తుంటాయి. ఎదురుగా కట్టెల పడవలు వస్తే ఇద్దరు పడవవాళ్లూ ఒకరి క్షేమం ఒకరు అడుగుతూనే తాళ్లు చిక్కుపడకుండా ఒకరి మీదుగా ఒకరు దాటిస్తారు, ఆ నేర్పు చూసి తీరాలి. రాగి సంగటి నేను కెలికాను. కామాక్షమ్మ చేపల పులుసు చేసింది. నేను శాకాహారిని కనుక నాకు చింతపండు రసం, నూరిన వేరుశనగల పచ్చడి. ఇంత హాయి ఉంటుందని పటంలో ఎక్కడా రాసి లేదు.

హాయి నాకూ పోలయ్యకూ మాత్రమే. పొద్దుటి నీళ్లు తోడే పని చెంగల్రాయులుకు వచ్చింది. అందరికీ చేతికిచ్చాడు. మునిరత్నం చిప్ప మాత్రం చేతికివ్వకుండా పడవ పలక మీద పెట్టి ముఖం తిప్పుకున్నాడు. మునిరత్నం దాన్ని ముట్టుకోలేదు. నీళ్లు అలాగే ఎండలో ఉండిపోయాయి. చివరికి కామాక్షమ్మ చిప్ప తీసి మునిరత్నం చేతిలో పెట్టింది. ఆమె ముందు కాదనలేక తాగాడు.

మధ్యాహ్నం ఒక వింత చూశాం. పొద్దున ఉత్తరానికి పోతున్న కాలువ నీళ్లు ఆగిపోయాయి. కొంతసేపటికి దక్షిణానికి తిరిగాయి. వెనక్కి పారే కాలువను మా సీమవాళ్లం ఎన్నడూ చూడలేదు. మునిరత్నం ఎండుటాకు ఒకటి వేసి పరీక్షించాడు. అది నిజంగానే వెనక్కి పోయింది. ఇది సముద్రపు పోటు అని పోలయ్య చెప్పాడు. ఆరేడు గంటలు ఇటు, ఆరేడు గంటలు అటు, దాని వంతు అది తప్పదన్నాడు. పాపం, అతనికి మా బావి సంగతి తెలియదు. చెంగల్రాయులు అవకాశం వదులుకోలేదు. "సూస్తివా అయివారూ, ఉప్పు నీళ్లకైనా వంతు ఎరికే," అన్నాడు నాతో, నాకు కాదని అందరికీ తెలిసేలా.

మునిరత్నం ముఖం నల్లబడింది. పడవ గట్టుకు తగలగానే దూకి, పోలయ్య తమ్ముడి చేతిలో తాడు తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. పొద్దు వాలేదాకా ఆ ఎండలో ఒంటరిగా పడవను లాగాడు. నేను గట్టు దిగి పక్కన నడిచాను. వంగిన వీపు చొక్కాకు అంటుకుపోయింది. సోమవారం గురించి అడుగుతాడేమో అనుకున్నాను, అడగలేదు. నేనూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నేను పక్కన నడిచింది చెప్పాలనే, నోరు రాలేదు. పిల్లలకు సత్యమే పలకాలని నల్లబల్ల మీద రాయించే పంతులును నేను, నడిచిన రెండు మైళ్లలో ఎండ బాగుంది, గాలి బాగుంది తప్ప వేరే మాట ఆడలేదు.

సాయంత్రం తోడే వంతు మునిరత్నానిది. కామాక్షమ్మ ఆ పూటకు ఆరు చిప్పల నీళ్లు కాగులోంచి చిన్న తపేలాలోకి వంచి ఇచ్చి, కాగుకు మళ్లీ తడిగుడ్డ చుట్టేసింది. తాడు లాగి లాగి మునిరత్నం చేతులు వణుకుతున్నాయి. అయినా అంచు దాకా నింపి పోలయ్యకు ఇచ్చాడు, తమ్ముడికి ఇచ్చాడు, కామాక్షమ్మకు, నాకు. చిప్ప అంచున నిలవలేక ప్రతిసారీ కాస్త కాస్త ఒలికి తపేలా పక్కన పలక మీద పడుతూనే ఉంది. చెంగల్రాయులుకు కూడా నిండుగానే పోసి, ఈసారి పలక మీద పెట్టకుండా చేతికిచ్చాడు. చెంగల్రాయులు ఒక్క గుక్కలో తాగేశాడు. అప్పుడు మునిరత్నం తన కోసం తపేలా వంచాడు. సగం చిప్ప కూడా రాలేదు.

మధ్యాహ్నం నుంచి తాడు లాగిన మనిషి అతను. కామాక్షమ్మ కాగు గుడ్డ విప్పబోయింది. రేపటివి రేపేనమ్మా అని మునిరత్నమే వద్దన్నాడు. ఆ సగం చిప్ప పట్టుకుని వెంటనే తాగకుండా దాని అడుగు వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. చెంగల్రాయులు కూడా చూశాడు. ఖాళీ చిప్ప తన చేతిలో ఉంది, ఇవ్వడానికి అందులో ఏమీ లేదు. ఆ పూట ఇద్దరిలో ఎవరూ నా ద్వారా కబురు పంపలేదు. సంగటి తిని ముగ్గురం గూడు కింద పడుకున్నాం. ఒకరికి తెలియకుండా ఒకరం మేలుకునే ఉన్నామని మాత్రం నాకు తెలుసు.

మూడో రోజు తొమ్మిదింటికి స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటికి చేరాం. కాలువ అక్కడ నదిని అడ్డంగా దాటుతుంది. పోలయ్య పడవ కట్టేసి, ఖాళీ కాగు కావడిలో వేసుకుని, ఇసుకలో నది పైకి నడిపించాడు. పోటు నీళ్లు అందనంత దూరం, అరమైలు ఉండవచ్చు. ఇసుక రంగు చూడగానే నా కాళ్లు గుర్తుపట్టాయి. మొన్న కాళహస్తిలో రైలు కిటికీలోంచి చూసిన ఇసుకే. చంద్రగిరి కొండల కింద పుట్టి, మా వాళ్ల బావికి ఊటలిచ్చే ఆ నదే ఇక్కడిదాకా ఇసుక కింద నడిచి వచ్చింది. పటంలో ఎన్నోసార్లు చూపించిన నది చివర ఇలా కాళ్ల కింద తగులుతుందని నేను అనుకోలేదు.

చెలమ తవ్వడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదు. మునిరత్నం పంచె ఎగ్గట్టి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడాడు. మొదట ఊరింది బురద. చిప్పతో ఎత్తి పారబోశాడు. రెండోసారీ మసకే. అదీ పారబోశాడు. తోడేకొద్దీ తేట పడుతుంది, తొందరపడితే బురదే తాగాలి. చెంగల్రాయులు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. పోలయ్య ఏమనుకున్నాడో, కావడి దించి ఇంకో చెలమ తవ్వుకునేందుకు దూరంగా వెళ్లాడు.

మూడోసారి నీళ్లు ఊరుతుండగా మునిరత్నం తల ఎత్తకుండానే మాట్లాడాడు. "మీ నాయనా మా నాయనా వారం వారం మార్సుకుంటా ఉండిరి. నాకు ఎరికే. మర్సిపోయి కాదు."

చెంగల్రాయులు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఎరికుండే కోర్టుకు పోయినావా?" అన్నాడు.

"చెరుకు పచ్చగా ఉండింది. దాన్ని సూస్తా సూస్తా వదలబుద్ధి కాలేదు."

"నా చెరుకూ పచ్చగానే ఉండింది మామా."

ఆ మాటకు మునిరత్నం చేయి ఆగిపోయింది. నిందలా అనలేదు చెంగల్రాయులు. ఎండిపోయిన పైరును తలుచుకుని అన్నాడు. అయినా మామా అని వచ్చింది నోటికి, అది తనకే తెలిసినట్టు లేదు. నేను ఇసుక వంక చూస్తూ నిలబడ్డాను. మునిరత్నం తేట నీళ్లు చిప్ప నిండా ముంచి రెండు చేతులతో అందించాడు. చెంగల్రాయులు తీసుకుని, నిలబడే, నెమ్మదిగా, చుక్క మిగలకుండా తాగాడు. తరువాత మునిరత్నాన్ని పక్కకు జరగమని, తాను మోకాళ్ల మీద కూర్చుని చెలమలో చిప్ప ముంచి అతనికి ఇచ్చాడు. నాకు ఇచ్చింది ఆ తరువాత. ఇద్దరూ నన్ను మరిచిపోయారు, దానికి నాకు ఏ కొరతా లేదు.

తిరుగు దారి కూడా చెబుతాను. నది ఒడ్డు నుంచి వాకాడు దాకా ఎద్దుల బండి, రూపాయి. వాకాట్లో గూడూరు బస్సు మధ్యాహ్నం రెండింటికి, తొమ్మిదణాలు. అది బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు, కనుక ముందు సీట్లో కూర్చుంటే చొక్కా నల్లబడుతుంది. గూడూరులో సాయంత్రం బండి పట్టుకుంటే రాత్రి పదింటికి తిరుపతి చేరవచ్చు. బండిలో మునిరత్నం నా పక్కన కూర్చున్నాడు. కిటికీ దగ్గర చెంగల్రాయులు కునికిపాట్లు పడుతున్నాడు. సోమవారం నువ్వు ఏం చెప్పాలనుకున్నావు అని మునిరత్నం అడిగాడు. చూసింది చెప్పాలనే అనుకున్నాను, చెప్పగలనో లేదో తెలియదన్నాను. అతను కునుకుతున్న చెంగల్రాయులు వంక చూశాడు. "అబద్ధం సెప్పింటే నేను గెలిసేటోణ్ణి అయివారూ. కానీ మళ్లీ నిన్ను ఇంటికి పిలిసేటోణ్ణి కాదు," అన్నాడు. గెలిపించిన నన్ను ఎందుకు పిలవడని నేను అడగలేదు. నాకు అర్థమైంది.

సోమవారం ముగ్గురం పాకాల మీదుగా ఒకే బండిలో చిత్తూరు వెళ్లాం. ఇద్దరూ కలిసి రాజీ కాగితం దాఖలు చేశారు. వకీళ్లిద్దరికీ ముఖాలు చిన్నబోయాయి. ఈ ఏడంతా పొద్దుటి వంతు నువ్వే తోలుకో అని మునిరత్నం అంటే చెంగల్రాయులు ఒప్పుకోలేదు, వారం వారమే అన్నాడు. ఎండిన చెరుకు మళ్లీ లేవలేదు, అది అలాగే పోయింది. వంతులు సరయ్యాయని బావిలో నీళ్లేమీ పెరగలేదు, వాన పడాల్సిందే. నన్ను నేను చూసుకుంటే మాత్రం సిగ్గుగా ఉంటుంది. నిజం తెలిసిన ఒక్క సాక్షిని నేను, మూడు రోజులు నోరు మెదపలేదు. ఓడిపోవాల్సినవాడే దాన్ని ఇసుక తవ్వి బయటపెట్టాడు. ఇప్పుడు తరగతిలో ఆ నీలం గీత దగ్గర బెత్తం ఆపి, ఇది ఉప్పు కాలువ అని పిల్లలకు చెబుతున్నాను. అంతకుమించి వాళ్లకు చెప్పలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు ఫాల్గుణంలోనే వెళ్లండి, చైత్రం దాటితే ఎండ తట్టుకోలేరు, కొంగలూ ఉండవు. ఆ కాలువలో నీళ్లు తాగడానికి పనికిరావు, మనిషికొక మరచెంబు తప్పకుండా పట్టుకెళ్లండి. మాటల్లేని ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్తుంటే మాత్రం, ముగ్గురికీ కలిపి ఒక్కటే చాలు.